చెమట లెక్క ఎవరి దగ్గరుంది?

శుక్రవారం మధ్యాహ్నం జుమా ముగిసే వేళకు నాచారం పారిశ్రామికవాడ దగ్గర ఏ మస్జిదు గుమ్మంలోనైనా ఒకసారి నిలబడి చూడండి. ఇమాం సాహెబ్ సలాం తిప్పగానే వెనుక వరుసలు ఖాళీ అయిపోతాయి. దుఆ కోసం ఆగే తీరిక కూడా లేకుండా యువకులు చెప్పులు వెతుక్కుని గేట్ల వైపు పరుగు తీస్తారు. అక్కడ హాజరు పుస్తకం పట్టుకున్న మనిషి గడియారం చూస్తూ నిలబడి ఉంటాడు. పది నిమిషాలు ఆలస్యమైతే అరపూట జీతం కోత.

పది నిమిషాల ఆలస్యాన్ని అంత ఖచ్చితంగా రాసే పుస్తకంలో, రాత్రి ఎనిమిదింటి దాకా ఆపి చేయించుకున్న గంటలు ఎందుకు కనపడవు? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే.

చిలకానగర్‌లో నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. నల్గొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవారు. తండ్రి లేడు. పెద్దకొడుకు ఒక ప్యాకింగ్ యూనిట్‌లో కాంట్రాక్టర్ కింద రెండేళ్లకు పైగా పనిచేశాడు. ఒకరోజు 'రేపట్నుంచి రావద్దు' అన్నారు. ఒక నెల జీతం, ఎన్నో నెలల ఓటీ నిలిచిపోయాయి. కాంట్రాక్టర్ ఫోను ఎత్తడం మానేశాడు. యూనిట్ వాళ్లను అడిగితే 'నువ్వు మా మనిషివి కాదు' అన్నారు. ఆ తల్లి నన్ను పిలిచి, 'వాళ్లు మా పిల్లగాడికి ఎంత బాకీ ఉన్నరో జర లెక్కగట్టి చెప్పు బాబూ' అంది.

లెక్క కట్టడానికి కూర్చున్నాం. కాగితం ఒక్కటి లేదు. జీతం చీటీ లేదు. నియామక పత్రం లేదు. జీతం నోట్లుగా చేతికిచ్చేవారు, ఏ సంతకమూ ఉండేది కాదు. గోడకు ఒక క్యాలెండర్ వేలాడుతోంది. అందులో రోజూ పోయించుకున్న పాల లెక్క ఉంది, గ్యాసు బండ తెచ్చిన తేదీ ఉంది, చిన్న పిల్ల బడి ఫీజు కట్టిన రోజు ఉంది. కొడుకు ఏ రోజు ఎన్ని గంటలు పని చేశాడో మాత్రం లేదు. ఆమె చాలాసేపు ఆ క్యాలెండర్ వైపు చూసి, 'అర లీటరు పాలకు గీత పెట్టిన, నా కొడుకు చెమటకు పెట్టలే' అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

జీతం దయ కాదు, బాకీ

మనలో చాలామందికి జీతం గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. యజమాని 'ఇస్తున్నాడు', పనివాడు 'తీసుకుంటున్నాడు' అనుకుంటాం. 'సేఠ్ మంచివాడు, పండగకు బట్టలు పెట్టాడు' అని పొగుడుతాం. పండగ బట్టలు మంచివే. కానీ జీతం దానం కాదు. పని పూర్తయిన క్షణం నుంచి అది యజమాని నెత్తిన ఉన్న అప్పు. పనివాడు అప్పు ఇచ్చినవాడు, యజమాని అప్పు తీర్చవలసినవాడు.

చెమట ఆరేలోపు కూలి ముట్టజెప్పాలన్న ప్రవక్త ముహమ్మద్ (స) బోధ మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. తీర్పుదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలబడే ముగ్గురిలో, పూర్తిగా పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడు ఒకడని కూడా హదీసులు చెబుతున్నాయి. ఇవి ఎన్నో ఖుత్బాలలో విన్న మాటలే. అయితే వాటితో పాటు గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు, అది చిన్నదైనా పెద్దదైనా, గడువుతో సహా రాసి పెట్టుకోవాలని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో విపులంగా ఆదేశించింది. రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులు ఉండాలని కూడా చెప్పింది. జీతం అప్పే అయినప్పుడు దాని లెక్క రాయకపోవడం ఏ ధర్మం? జీతం చీటీ ఏదో ఆఫీసు కాగితం అనుకుంటున్నాం. నిజానికి అది అప్పు పత్రం.

గుహలో చిక్కుకున్న ముగ్గురి గాథ మనకు తెలిసిందే. అందులో ఒకతను ఒక కూలివాడికి బాకీపడ్డాడు. కూలివాడు తన కూలి తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ యజమాని ఆ సొమ్మును విడిగా పెంచాడు. అది పశువుల మందలైంది. ఏళ్ల తరువాత కూలివాడు వచ్చి తన కూలి అడిగితే, ఆ మందలన్నీ నీవే తోలుకుపొమ్మన్నాడు. ఆ కూలివాడి దగ్గర ఏ కాగితమూ లేకపోవచ్చు. యజమాని గుండెలో మాత్రం లెక్క ఉంది. మన కాలంలో గుండెలో లెక్క ఉన్న యజమానులు తక్కువయ్యారు కాబట్టే కాగితం మీద లెక్క అవసరమైంది. చట్టం చేసే పని అదే.

ఒకటిన్నర డ్యూటీ లెక్క

ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి పారిశ్రామికవాడలు హైదరాబాదు తూర్పు వైపు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. మందులు, ప్లాస్టిక్కు, ఇంజనీరింగు, ఆహార పదార్థాలు, ముద్రణ, కుట్టుపని, ఎన్నో రకాల యూనిట్లు ఇక్కడ ఉన్నాయి. వరంగల్ రోడ్డు మీదుగా వచ్చిన మనిషి ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగి, వారం తిరక్కుండా ఏదో ఒక గేటు లోపల పనికి కుదరవచ్చు. అందులో తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాల పిల్లలు ఎందరో ఉన్నారు. ఇప్పుడు బీహారు, ఒడిశా, బెంగాలు నుంచి వచ్చిన సోదరులు కూడా వారి పక్కనే నిలబడి పనిచేస్తున్నారు.

ఇక్కడ ఎక్కువగా వినపడే మాట 'ఒకటిన్నర డ్యూటీ'. ఉదయం ఎనిమిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి బయటికి రావడం. 8 గంటలకు ఒక డ్యూటీ, మిగిలిన 4 గంటలకు అర డ్యూటీ. వినడానికి న్యాయంగానే ఉంది. పనిచేసిన ప్రతి గంటకూ డబ్బు వచ్చినట్టే కనిపిస్తుంది. అసలు మోసం అక్కడే ఉంది.

లెక్క కోసం ఒక జీతం అనుకుందాం. నెలకు 13,000 రూపాయలు, 26 పనిదినాలు. రోజుకు 500. గంటకు 62 రూపాయల 50 పైసలు. ఒకటిన్నర డ్యూటీ పద్ధతిలో 12 గంటలకు 750 ఇస్తారు. చట్టం చెప్పేది వేరు. మామూలు గంటలు దాటిన ప్రతి గంటకూ రెట్టింపు చెల్లించాలి. అంటే ఆ 4 గంటలకు గంటకు 125 చొప్పున 500 రావాలి. మొత్తం రోజుకు 1,000. పనివాడి చేతికి వచ్చింది 750, పోయింది 250. నెలకు 6,500. ఏడాదికి 78,000. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, తల్లి మందులు, ఆడపిల్ల పెళ్లికి దాచుకోవలసిన సొమ్ము అందులోనే కరిగిపోయాయి. దొంగ ఇంట్లో జొరబడి 78,000 ఎత్తుకుపోతే పోలీసు స్టేషనుకు పరుగెత్తుతాం. రోజుకు 250 చొప్పున పోతే మనకు తెలియనే తెలియదు.

తూకంలో తగ్గించేవారి గురించి ఖుర్ఆన్ ఎంత కఠినంగా హెచ్చరించిందో మనకు తెలుసు. తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారు వారు. త్రాసు కిరాణా కొట్లోనే ఉంటుందని అనుకోవద్దు. హాజరు పుస్తకం కూడా ఒక త్రాసే.

చట్టం ఏం చెబుతోంది?

ఈ రెట్టింపు నియమం కొత్తది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అని హద్దు పెట్టి, అది దాటితే రెట్టింపు ఇవ్వాలన్నారు. అదే ఏడాది కనీస వేతనాల చట్టం వచ్చింది. అంతకు ముందే 1936లో వేతనాల చెల్లింపు చట్టం ఉంది. ఈ పాత చట్టాలన్నిటినీ కలిపి కేంద్రం నాలుగు కోడ్‌లుగా మార్చింది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్‌తో సహా నాలుగూ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. పాత నోటిఫికేషన్లు కొత్త చట్టానికి విరుద్ధం కానంత మేరకు కొనసాగుతాయి.

ఈ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు చాలా అభ్యంతరాలు ఉన్నాయి. సమ్మె హక్కును, చిన్న యూనిట్లకు ఇచ్చిన మినహాయింపులను గురించి వారు చేస్తున్న వాదన వినదగినదే. అది వేరే చర్చ. వేతనాల కోడ్‌లో పనివాడికి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. వాటిని తెలుసుకోకుండా వదిలేయడం తెలివి కాదు.

నెల జీతం తరువాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. పని మాన్పించినా, తానే మానుకున్నా, యూనిట్ మూతపడినా రెండు పనిదినాల్లో బాకీ మొత్తం తీర్చాలి. గైర్హాజరుకు కోత, పనికి రాని సమయానికి తగినంతే ఉండాలి. అంటే పది నిమిషాలకు అరపూట కోయడం చెల్లదు. ప్రతి యజమాని జీతం చీటీ ఇచ్చి తీరాలి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే, ఆ సంస్థ యజమాని చెల్లించాలి. కాబట్టి 'నువ్వు మా మనిషివి కాదు' అన్న మాట చట్టం ముందు నిలవదు.

అన్నిటికన్నా ముఖ్యమైనవి ఇంకో రెండు. పాత కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇప్పుడు మూడేళ్ల దాకా పెట్టుకోవచ్చు. రెండవది, జీతం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో పనివాడు దరఖాస్తు పెడితే, చెల్లించానని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. అధికారి విచారించి బాకీతో పాటు, దానికి పది రెట్ల దాకా పరిహారం వేయవచ్చు. దరఖాస్తు పనివాడే పెట్టనక్కరలేదు, అతను సభ్యుడుగా ఉన్న రిజిస్టరయిన సంఘం కూడా పెట్టవచ్చు.

అయితే ఒక సంగతి మరవరాదు. రుజువు భారం యజమానిదే అయినా, 'ఇతను మా దగ్గర పనే చేయలేదు' అని అతను బొంకితే ఏం చేస్తాం? అప్పుడు మన చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి. ఆ చిలకానగర్ తల్లి గోడ మీది క్యాలెండర్ నాకు మళ్లీ మళ్లీ గుర్తుకు రావడానికి కారణం అదే.

ఎనిమిదా, పదా?

2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. దుకాణాలు కాకుండా ఇతర వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చునన్నది. ఆ వార్త వచ్చిన వారంలోనే ఉప్పల్‌లో ఒక కుర్రాడు 'ఇక నుంచి 10 గంటలే డ్యూటీ అట, సర్కారే చెప్పిందట' అని నాతో అన్నాడు. అతని సూపర్‌వైజర్ అలా చెప్పాడు. పది గంటలు అన్న ముక్క అందరికీ వినపడింది. తరువాతి వాక్యం ఎవరికీ వినపడలేదు. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. అది దాటిన గంటలకు ఓటీ ఇవ్వాలి. ఆరు గంటల్లోపు కనీసం అరగంట విశ్రాంతి ఉండాలి. విశ్రాంతితో కలిపి రోజు 12 గంటలు మించరాదు. మూడు నెలల్లో ఓటీ 144 గంటలు దాటరాదు. రోజుకు 10 గంటలు చేయించుకుంటే ఐదు రోజులు తిరగకముందే 48 పూర్తవుతాయి. ఆరో రోజు కూడా అవే 10 గంటలు చేయించుకుంటే వారానికి 12 గంటలు ఓటీ కిందికి వస్తాయి.

పైగా ఆ ఉత్తర్వు దుకాణాలు, సంస్థల చట్టం కింద ఇచ్చినది. ఫ్యాక్టరీ షెడ్డులో మిషను మీద నిలబడే మనిషికి వర్తించేది కాదు. సగం చట్టం చెప్పి సగం దాచడం కూడా తూకంలో తగ్గించడమే.

మూసా (అ) మద్యన్‌లో పనికి కుదిరిన ఘట్టం ఇక్కడ గుర్తుకొస్తుంది. పని మొదలుకాకముందే షరతు ఖరారైంది. ఎనిమిదేళ్లు చేయవలసింది, పదేళ్లు చేస్తే అది నీ ఇష్టం అన్నాడు ఆ పెద్దమనిషి. నిన్ను కష్టపెట్టదలచుకోలేదని కూడా చెప్పాడు. ఎనిమిది ఒప్పందం, ఆ పైన రెండు పనివాడి ఇష్టం. అవి ఏళ్లు, ఇవి గంటలు. న్యాయం మాత్రం ఒక్కటే.

ప్రభుత్వం రాయవలసిన లెక్క

యజమానులను మాత్రమే నిందిస్తే సరిపోదు. ప్రభుత్వం దగ్గర కూడా ఒక పుస్తకం ఉంది. కనీస వేతనాలను ఐదేళ్లకు మించకుండా సవరించాలని 1948 చట్టం చెప్పింది, కొత్త కోడ్ కూడా చెబుతోంది. ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం కలుస్తున్నా, అసలు వేతనం పాతదే అయితే ఆ కలిపింది ఏ మూలకూ రాదు. 2021 జూన్‌లో భద్రతా సేవలు, నిర్మాణ పనులు సహా 5 రంగాలకు కొత్త వేతనాల జీవోలు వచ్చాయి. అవి గెజిట్‌లో అచ్చుకాక ఏళ్ల తరబడి ఆగిపోయాయి. గెజిట్‌లో అచ్చుకాని జీవో రొట్టె బొమ్మ వంటిది. ఆకలి తీర్చదు.

1982లో ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే, రాజ్యాంగం 23వ అధికరణం ప్రకారం అది వెట్టిచాకిరీ కిందికే వస్తుందన్నది. ఆకలికి తట్టుకోలేక ఒప్పుకున్న పని స్వేచ్ఛగా ఒప్పుకున్న పని కాదు అన్నది ఆ తీర్పు సారాంశం. 'ఇష్టమైతే చెయ్యి, లేకపోతే పో, బయట వందమంది ఉన్నారు' అనే సూపర్‌వైజర్లకు ఈ తీర్పు ఎవరైనా చదివి వినిపించాలి.

ఇప్పుడే ఎందుకు తొందర?

2025 నవంబరులో, కోడ్‌లు అమలులోకి వచ్చిన ఆ రోజుల్లోనే, తెలంగాణ ప్రభుత్వం హిల్ట్ పేరుతో ఒక భూ విధానం ప్రకటించింది. ఓఆర్ఆర్ లోపల, దాని చుట్టుపక్కల ఉన్న పారిశ్రామికవాడల్లోని 9,292 ఎకరాలను రుసుము కట్టి ఇళ్లకు, వ్యాపార భవనాలకు మార్చుకోవడానికి వీలు కల్పించే విధానం అది. ఆ జాబితాలో ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి ఉన్నాయి. కాలుష్యం ఊరి మధ్య నుంచి పోవాలన్నది ప్రభుత్వ వాదన. భూములు తక్కువ ధరకు పరులపాలవుతాయన్నది ప్రతిపక్షాల ఆరోపణ. శాసనసభలో, పత్రికల్లో ఎకరాల లెక్క, కోట్ల లెక్క చాలా విన్నాం. షెడ్డులో పనిచేసే మనుషుల లెక్క మాత్రం ఎక్కువగా వినపడలేదు.

ఒక యూనిట్ మూతపడితే చట్టం ప్రకారం, ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసినవారికి, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం రావాలి. 10 మందికి పైగా పనిచేసే చోట ఐదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ రావాలి. నిర్ణీత కాలానికి కుదిరిన వారికి కొత్త కోడ్ ప్రకారం ఏడాదికే వస్తుంది. అయితే ఇవన్నీ 'ఎన్నేళ్లు పనిచేశావు?' అన్న ప్రశ్నతో మొదలవుతాయి. రుజువు లేనివాడికి పదేళ్లు పనిచేసినా ఒక్క రోజు కూడా చేయనట్టే. నేలకు పట్టా ఉంది, షెడ్డుకు పత్రం ఉంది, మిషనుకు బిల్లు ఉంది. ఆ మిషను తిప్పిన మనిషికి ఏమీ లేదు.

ఈఎస్ఐ సంగతీ ఇంతే. 10 మంది పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. రెండు వీధుల అవతల వేలు తెగిన కుర్రాడికి ఆ ఆసుపత్రి గుమ్మం తెరుచుకోవాలంటే బీమా నంబరు కావాలి. పేరు నమోదు చేయని యజమాని అతనికి జీతంతో పాటు వైద్యం కూడా ఎగ్గొట్టినట్టే.

మనలోని యజమానులకు

ఈ పేజీ చదివేవారిలో పనివారే కాదు, పని ఇచ్చేవారు కూడా ఉన్నారు. వెల్డింగు షాపులు, టైలరింగు యూనిట్లు, బేకరీలు, ఫర్నిచర్ షెడ్లు, లేబర్ కాంట్రాక్టులు నడిపే సోదరులు మనలో తక్కువేమీ కాదు. వారి బాధలు కూడా నాకు తెలుసు. పెద్ద కంపెనీలు బిల్లులు నెలల తరబడి ఆపుతాయి. కరెంటు బిల్లు ఆగదు, అద్దె ఆగదు. 'నాకే డబ్బులు రాకపోతే నేనెక్కడి నుంచి తేను?' అన్నాడు ఒక మిత్రుడు. న్యాయమైన ప్రశ్నే.

అయితే ఆ మిత్రుడికి ఒక మాట చెప్పాలి. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు బిల్లు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఉంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కట్టాలని కూడా ఉంది. నీ సొమ్ము ఆలస్యమైతే నీకు ఆ చట్టం కావాలి. నీ పనివాడి సొమ్ము ఆలస్యమైతే 'సబర్ చెయ్యి' అంటావా? నీ మీద జరిగిన అన్యాయాన్ని నీకంటే బలహీనుడి మీదికి దింపితే అది తీరినట్టు కాదు, మరొకడికి చేరినట్టు.

ఇంకో విషయం కొంచెం కటువుగా ఉంటుంది, క్షమించాలి. రంజాన్‌లో మన యజమానులు జకాత్ తీస్తారు, ఇఫ్తార్ విందులిస్తారు, రేషను మూటలు పంచుతారు. అల్లాహ్ స్వీకరించుగాక. కానీ జకాత్ మన సొత్తు మీద తీసేది. పనివాడికి ఇవ్వకుండా ఆపిన ఓటీ మన సొత్తు కాదు, అతనిది. అతని డబ్బుతోనే అతనికి రేషను మూట ఇచ్చి ఫోటో దిగితే అది ఏ ఖాతాలోకి వెళుతుంది? దాసుల హక్కులను, మనం హక్కుల్ ఇబాద్ అనేవాటిని, ఆ దాసుడు క్షమిస్తే తప్ప మాఫీ లేదని ఉలమాలు చెబుతూనే ఉన్నారు. ముందు బాకీ, తరువాత దానం. అప్పు తీర్చకుండా చేసే దానానికి బరకత్ ఎక్కడ?

కాబట్టి పని ఇచ్చే సోదరులు ఒక చిన్న పని చేయాలి. ఎంతమంది ఉన్నా సరే, ఒక హాజరు పుస్తకం పెట్టండి. వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాయండి. నెలాఖరుకు చీటీ ఇవ్వండి. జీతం బ్యాంకు ఖాతాలో వేయండి. ఓటీ రెట్టింపు ఇవ్వలేకపోతే ఓటీ చేయించుకోకండి. ఇది మీకు కూడా రక్షణే. రేపు ఎవరైనా తప్పుడు ఆరోపణ చేస్తే మిమ్మల్ని కాపాడేది ఆ పుస్తకమే.

ఇంట్లో మొదలుపెడదాం

ఇక పనికి పోయే పిల్లలున్న తల్లిదండ్రులకు. ఈ రాత్రి మీ పిల్లవాడు ఇంటికి రాగానే అన్నం పెట్టి, ఎన్నింటికి వెళ్లాడో, ఎన్నింటికి బయటపడ్డాడో అడిగి క్యాలెండర్‌లో రాయండి. పాల లెక్క పక్కనే ఆ రెండు అంకెలు. ఎంత వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, అదీ రాయండి. గేటు పాసు, యూనిఫారం మీది పేరు, సూపర్‌వైజర్ ఫోనులో పంపిన సందేశాలు, ఫోన్ పే లో వచ్చిన డబ్బుల వివరాలు పారేయకండి. అవే రేపు సాక్షులు.

కుట్టుపని, ప్యాకింగు పని ఇంటికి తెచ్చుకునే అక్కాచెల్లెళ్లు కూడా ఎన్ని ముక్కలు ఇచ్చారో, ఎన్ని తిరిగి తీసుకున్నారో రాసుకోవాలి. ముక్కల లెక్కన చేసే పనికి కూడా కనీస వేతనం వర్తిస్తుంది. ఇంట్లో కూర్చుని చేశారని అది పని కాకుండా పోదు.

బాకీ నిలిచిపోతే ఒంటరిగా గేటు దగ్గర అరిచి రావడం వల్ల ఒరిగేది లేదు. నలుగురు కలిసి కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరున్న కార్మిక సంక్షేమ భవన్‌కు టి. అంజయ్య గారి పేరు పెట్టారు. ఆల్విన్ కర్మాగారంలో కూలీగా మొదలై 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి ఆయన. ఈ నగరంలోనే 1940లలో కార్మిక సంఘాలను కట్టినవారి ముందువరుసలో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు. హక్కు అడగడం మనకు కొత్త కాదు, పరాయిదీ కాదు. సంఘంలో చేరడం తప్పూ కాదు. అక్కడ మన పిల్లవాడి పక్కన నిలబడేది ఏ మతం వాడైనా, ఏ రాష్ట్రం వాడైనా, చెమట ఒక్కటే.

మస్జిదు కమిటీలకు కూడా ఒక విన్నపం. నెలకొక శుక్రవారం, జుమా తరువాత కాదు, ఇషా తరువాత, ఒక గంట కేటాయించండి. లెక్కలు తెలిసిన ఒక రిటైర్డు గుమాస్తానో, ఒక వకీలునో కూర్చోబెట్టండి. జీతం చీటీ చదివి చెప్పడం, దరఖాస్తు రాసిపెట్టడం, అంతే. దీనికి చందా వసూలు చేయనక్కరలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక పెన్ను చాలు.

ఆ తల్లి విషయం చెప్పకుండా ముగించకూడదు. ఆ పిల్లవాడికి రావలసిన సొమ్ము ఇంకా రాలేదు. తోటి పనివారు ఇద్దరు సాక్ష్యం చెబుతామన్నారు. దరఖాస్తు రాసి ఇచ్చాం. ఏమవుతుందో చూడాలి. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు గోడ మీద కొత్త క్యాలెండర్ కనిపించింది. కుర్రాడు మరో చోట పనికి కుదిరాడు. పాల గీతల కింద ప్రతి రోజూ రెండు అంకెలు ఉన్నాయి, 8 అని ఒకటి, 6 అని ఒకటి. ఒక్క బుధవారం మాత్రం 8, 9 అని ఉంది. దాని చుట్టూ ఆమె పెన్సిలుతో సున్నా చుట్టింది. 'నెలాఖరుకు అడగాలె గద' అంది.